ఇంట్లో పిల్లికో కుక్కకో కరోనా అంటే ఏం చేయాలి, ఏం చేయకూడదు

వెట్ (జంతువుల డాక్టర్) చేతిలో రిపోర్ట్ పెట్టి "కరోనా పాజిటివ్" అనగానే చాలామందికి కాళ్ళు చేతులు ఆడవు, ఇంకొంతమందికేమో తమకే కోవిడ్ వచ్చింది, పక్కనే పడుకునే పిల్లి సంగతేంటో అర్థం కాదు. ఈ రెండూ వేరే వేరే విషయాలు, చేయాల్సిన పనులు కూడా వేరే. పేరు ఒక్కటే కావడం వల్ల కలిపేసి భయపడిపోతున్నారు, ఆ భయంలో చేయకూడనివి చేస్తున్నారు, నాకు బాధంతా అక్కడే. కాబట్టి వరసగా చెప్తాను, మీ ఇంట్లో పరిస్థితి ఏదో చూసుకుని దానికి సంబంధించింది జాగ్రత్తగా చదవండి.

ముందు తేల్చుకోవాల్సింది: ఏ కరోనా?

కరోనా అనేది ఒక్క వైరస్ పేరు కాదు, ఒక పెద్ద కుటుంబం పేరు. మన పెట్స్ విషయంలో పట్టించుకోవాల్సినవి నాలుగు. ఒకటి మనుషుల్లో కోవిడ్ తెచ్చే సార్స్ కోవ్-2, ఇది మన నుంచి వాటికి అంటుతుంది. రెండోది పిల్లుల కరోనావైరస్, పేగుల్లో ఉంటుంది, మలం ద్వారా పిల్లి నుంచి పిల్లికి పాకుతుంది, మనుషులకి రాదు. మూడోది కుక్కల పేగుల కరోనా, 1971లో జర్మనీలో మిలిటరీ కుక్కల్లో మొదట దొరికింది, ఎక్కువగా కుక్కపిల్లలకి మోషన్స్ తెస్తుంది. నాలుగోది కుక్కల శ్వాసకోశ కరోనా, 2003లో బ్రిటన్‌లో బయటపడింది, కెన్నెల్ కాఫ్ అనే దగ్గులో ఇది కూడా ఒక భాగం.

వెట్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: "డాక్టర్ గారూ, ఇది ఏ కరోనా, ఏ టెస్ట్‌లో వచ్చింది, యాంటీబాడీ టెస్టా, పీసీఆరా?" పీసీఆర్ పాజిటివ్ అంటే తీసిన శాంపిల్‌లో వైరస్ జాడే దొరికిందని, యాంటీబాడీ పాజిటివ్ అంటే ఎప్పుడో ఒకప్పుడు వైరస్ తగిలిందని మాత్రమే. ఎక్కువ పిల్లులు కలిసి ఉండే ఇళ్ళల్లో చాలా పిల్లులకి పిల్లుల కరోనా యాంటీబాడీలు ఉంటాయి, అవన్నీ ఆరోగ్యంగా తిరుగుతూనే ఉంటాయి. ఆ ఒక్క కాగితం చూసి పిల్లికి ప్రాణాంతకమైన జబ్బు ఉందని ఎవరైనా చెప్తే నమ్మకండి, ఇంకో వెట్‌కి చూపించండి.

మీకు కోవిడ్ వచ్చింది, ఇంట్లో పెట్ ఉంది

2020 ఫిబ్రవరిలో హాంకాంగ్‌లో ఒక 17 ఏళ్ళ పోమెరేనియన్ కుక్కకి బలహీనంగా పాజిటివ్ రావడంతో ఈ భయం మొదలైంది, తర్వాత బెల్జియంలో ఒక పిల్లి, ఏప్రిల్‌లో న్యూయార్క్ బ్రాంక్స్ జూలో నాదియా అనే ఆడపులి. దాదాపు అన్ని కేసుల్లోనూ కథ ఒకటే, దగ్గర ఉన్న మనిషికి వచ్చింది, ఆ మనిషి నుంచి జంతువుకి వెళ్ళింది. అంటే ఇక్కడ ప్రమాదం మన నుంచి వాటికి, వాటి నుంచి మనకి కాదు. తిరిగి మనిషికి వచ్చిన సందర్భం లేదా అంటే ఉంది, థాయిలాండ్‌లో 2021 ఆగస్టులో ఒక పిల్లి ముక్కులోంచి శాంపిల్ తీస్తుంటే అది వెట్ మొహం మీద తుమ్మింది, ఆవిడ మాస్కు గ్లోవ్స్ వేసుకున్నా కళ్ళకి ఏమీ పెట్టుకోలేదు, కోవిడ్ వచ్చింది. అయితే ఇలాంటివి చాలా అరుదు. దీన్ని పట్టుకుని పెట్స్‌ని రోడ్డు మీద వదిలేయడం అనేది దయచేసి ఎవరూ చేయొద్దు.

పిల్లులకి కుక్కలకంటే తేలిగ్గా అంటుతుంది. వైరస్ మన కణాల్లోకి దూరడానికి వాడుకునే ఏస్-2 అనే తలుపు పిల్లుల్లో మనదానికి బాగా దగ్గరగా ఉంటుంది. ల్యాబ్‌లో చేసిన ప్రయోగాల్లో పిల్లి నుంచి పిల్లికి పాకింది, కుక్కల్లో వైరస్ పెద్దగా పెరగలేదు. అందుకని ఇంట్లో రెండూ ఉంటే పిల్లి విషయంలో ఇంకాస్త ఎక్కువ జాగ్రత్త.

చేయాల్సింది ఏంటంటే, టెస్ట్ పాజిటివ్ అని తెలిసిన రోజు నుంచే పెట్ పనులన్నీ ఇంట్లో బాగున్న ఇంకొకరికి అప్పజెప్పేయండి. అన్నం పెట్టడం, నీళ్ళు మార్చడం, లిటర్ (పిల్లి మలమూత్రాలకి వాడే మట్టి) తీయడం, కుక్కని బయటికి తీసుకెళ్ళడం అన్నీ. మీరు ఒక గదిలో ఉంటే పెట్ ఇంకో గదిలో. ముద్దులు పెట్టడం, మొహం నాకించుకోవడం, ఒకే మంచం మీద పడుకోవడం, మీ కంచంలోంచి ముద్ద పెట్టడం ఇవన్నీ ఆపాలి. ఇది చెప్పినంత తేలిక కాదని నాకు తెలుసు, తలుపు అవతల కూర్చుని అది గీరుతూ అరుస్తుంటే గుండె తరుక్కుపోతుంది, అయినా ఈ కొన్ని రోజులు ఓర్చుకోండి. తలుపు ఇవతల నుంచి మాట్లాడండి, మీ గొంతు వింటే చాలావరకు శాంతిస్తాయి.

ఒంటరిగా ఉంటున్నారు, చూసేవాళ్ళు ఎవరూ లేరు అంటే మీరే చూడండి, తప్పు లేదు. మాస్కు వేసుకుని, ముట్టుకునే ముందూ తర్వాతా సబ్బుతో చేతులు కడుక్కుని పనులు చేయండి, పని అయిపోగానే దూరం జరగండి. మాస్కు మీకే, పెట్‌కి ఎట్టిపరిస్థితుల్లోనూ వేయకండి, వాటికి ఊపిరి ఆడదు, కుక్కలు ఒంట్లో వేడిని తగ్గించుకునేదే నోరు తెరిచి రొప్పడం ద్వారా. పిల్లిని ఆ రోజుల్లో బయటికి వదలకండి, కుక్కని నడిపించేవాళ్ళు వేరే మనుషులకీ కుక్కలకీ ఓ ఆరడుగులు దూరంగా నడిపించాలి.

ఇక మీ పెట్‌కి కూడా తుమ్ములో దగ్గో మొదలైతే దాన్ని ఎత్తుకుని క్లినిక్‌కి పరిగెత్తకండి, మీరు పాజిటివ్ కదా. ముందు ఫోన్ చేయండి, ఇంట్లో కోవిడ్ ఉందని దాచకుండా చెప్పండి. వాళ్ళు వీడియోలో చూస్తారో, వేరేవాళ్ళతో పంపమంటారో, కారులోనే ఉండమంటారో వాళ్ళే చెప్తారు. పెట్‌కి కోవిడ్ టెస్ట్ అనేది మామూలుగా చేయరు, ముందు వేరే జబ్బులు కాదని తేల్చుకున్నాకే ఆ ఆలోచన.

ఇంట్లో ఏం గమనించాలి, ఎలా రాసుకోవాలి

కోవిడ్ అంటిన పెట్స్‌లో చాలావాటికి అసలు లక్షణాలే ఉండవు, ఉన్నా కొంచెం జ్వరం, దగ్గు, తుమ్ములు, ముక్కు కళ్ళు కారడం, నీరసం, వాంతులు, మోషన్స్, ఇంతే. ఎక్కువ శాతం ఇంట్లోనే కోలుకుంటాయి. కానీ "బాగానే ఉందిలే" అనే అంచనా మీద వదిలేయకుండా ఒక పుస్తకంలో రోజుకి రెండుసార్లు రాయండి: ఎంత తింది, ఎంత తాగింది, మూత్రం మలం ఎలా ఉన్నాయి, నిద్రలో శ్వాస ఎంత.

శ్వాస లెక్కపెట్టడం అందరూ నేర్చుకోవాల్సిన పని, దీనికి ఏ మెషీనూ అక్కర్లేదు. అది గాఢంగా పడుకున్నప్పుడు పక్కన కూర్చుని ఛాతీ పైకి లేచి కిందికి దిగితే ఒకటి, అలా 30 సెకన్లు లెక్కపెట్టి రెండుతో గుణించండి. నిమిషానికి 30 లోపు ఉంటే బాగున్నట్టు, 40 దాటుతూ ఉంటే వెట్‌కి ఫోన్ చేయాలి. కుక్క ఆడి వచ్చి రొప్పితే మామూలే, కానీ పిల్లి నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే మాత్రం ఆలస్యం చేయొద్దు, అది ఎమర్జెన్సీ. చిగుళ్ళు నీలంగానో తెల్లగానో మారినా, కూలబడిపోయినా, ఫిట్స్ వచ్చినా అంతే.

థర్మామీటర్ పెట్టడం వచ్చినవాళ్ళయితే గుర్తుంచుకోండి, వాటి మామూలు ఉష్ణోగ్రతే మనకంటే ఎక్కువ, సుమారు 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా ఉంటుంది. ఒళ్ళు వెచ్చగా తగిలిందని జ్వరం అనుకోవద్దు, ముక్కు పొడిగా ఉంటే జ్వరం అనే మాటకీ అర్థం లేదు.

పిల్లి తినడం మానేస్తే రెండు మూడు రోజులు ఆగి చూద్దాం అనుకోకండి. కుక్క ఒక రోజు తినకపోయినా తట్టుకుంటుంది, పిల్లికి ఆకలి పస్తు పడితే ఒంట్లో కొవ్వంతా లివర్‌లోకి చేరి అదే ఇంకో ప్రాణాంతకమైన జబ్బు అవుతుంది. ముక్కు మూసుకుపోయి వాసన తెలియకపోతే పిల్లి తినదు, తడి ఆహారాన్ని కొంచెం గోరువెచ్చగా చేసి పెడితే వాసన లేచి చాలాసార్లు తింటుంది. ఒక పూట పూర్తిగా మానేసిందంటే గమనించండి, ఒక రోజంతా అయితే ఫోన్ చేయండి.

ఇవి మాత్రం ఇవ్వొద్దు, పూయొద్దు

పిల్లికి పారాసిటమాల్ విషం. పావు ముక్కే కదా, చిన్నపిల్లల సిరప్పే కదా అనుకుని ఇచ్చి చంపుకున్నవాళ్ళు ఉన్నారు, ప్రేమతోనే ఇచ్చారు పాపం, అదే ఇంకా బాధ. పిల్లి లివర్‌కి ఆ మందుని విరగ్గొట్టే శక్తి లేదు, అది రక్తంలో ఆక్సిజన్ మోసే గుణాన్నే పాడు చేస్తుంది, చిగుళ్ళు గోధుమ రంగుకి తిరుగుతాయి, మొహం వాస్తుంది, ఊపిరి అందదు. 500 మిల్లీగ్రాముల ఒక్క మాత్ర ఒక పిల్లి ప్రాణం తీయగలదు. పొరపాటున ఇచ్చి ఉంటే గంటలు లెక్కపెట్టకుండా వెంటనే తీసుకెళ్ళండి, విరుగుడు ఉంది, ఎంత తొందరగా వెళ్తే అంత మంచిది. ఐబుప్రోఫెన్ కూడా కుక్కలకీ పిల్లులకీ ప్రమాదమే, కడుపులో పుండ్లు, కిడ్నీలు దెబ్బతినడం. మీ కోవిడ్‌కి రాసిన మందులు ఏవీ వాటికి పెట్టకండి.

శానిటైజర్, స్పిరిట్, బ్లీచ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటివి ఒంటి మీద రాయడం, తడి వైప్స్‌తో కాళ్ళు తుడవడం కూడా వద్దు. అవి బొచ్చుని నాకుతాయి, మీరు పూసింది కడుపులోకే వెళ్తుంది. బొచ్చు మీద నుంచి వైరస్ అంటుకుంటుందనడానికి ఆధారం కూడా లేదు. బయట నుంచి వస్తే మామూలు నీళ్ళతో, కావాలంటే పెట్ షాంపూతో కాళ్ళు కడిగి తుడిస్తే చాలు.

ఇల్లు శుభ్రం చేయడం

కరోనావైరస్‌లన్నిటికీ చుట్టూ కొవ్వు పొర ఉంటుంది, సబ్బు దాన్ని చీల్చేస్తుంది, అందుకే వీటిని చంపడం పెద్ద కష్టం కాదు. గిన్నెలు, పరుపులు, బొమ్మలు వేడి నీళ్ళు సబ్బుతో కడగండి. నేల, లిటర్ బాక్స్ లాంటివాటికి 1 వంతు మామూలు బ్లీచ్‌కి 32 వంతుల నీళ్ళు కలిపి, 10 నిమిషాలు తడిగా ఉంచి, తర్వాత మంచినీళ్ళతో కడిగి పూర్తిగా ఆరాకే పెట్‌ని రానివ్వండి. ముందు మలమూత్రాలు పూర్తిగా కడిగేశాకే బ్లీచ్ వేయాలి, ఎందుకంటే ఒకటి, మురికి మీద బ్లీచ్ పనిచేయదు, రెండు, పిల్లి మూత్రంలో అమోనియా ఉంటుంది, దాని మీద బ్లీచ్ పోస్తే వచ్చే గ్యాస్ మీ ఊపిరితిత్తులకే ప్రమాదం. కిటికీ తెరిచి చేయండి. ఘాటు వాసన వచ్చే ఫినైల్ రకాలు పిల్లి ఉన్న ఇంట్లో వాడకపోవడమే మంచిది, పాదాలకి అంటుకున్నది నాకి జబ్బు పడతాయి.

పిల్లి ఉన్నవాళ్ళు ఇది తప్పకుండా చదవండి: ఎఫ్ఐపీ

కోవిడ్ గురించి ఇంత గోల జరిగింది కానీ పిల్లుల ప్రాణాలు నిజంగా తీసేది వాటి సొంత కరోనానే. మామూలుగా అది పేగుల్లో ఉండి నాలుగు రోజులు మోషన్స్ తెచ్చి పోతుంది, లేదా అసలు తెలియనే తెలియదు. కానీ అది సోకిన పిల్లుల్లో దాదాపు 5 నుంచి 10 శాతం వాటిలో వైరస్ ఒంట్లోనే మార్పు చెంది రక్తంలోని తెల్లకణాల్లోకి ఎక్కి ఒళ్ళంతా పాకుతుంది, దాన్నే ఎఫ్ఐపీ అంటారు. ఎక్కువగా రెండేళ్ళ లోపు పిల్లులకి, గుంపులో పెరిగినవాటికి, కొత్త ఇంటికి మారడం, ఆపరేషన్ లాంటి ఒత్తిడి పడ్డవాటికి వస్తుంది. కొన్నేళ్ళ క్రితం వరకు ఇది వచ్చిందంటే చావే అనేవాళ్ళు, ఇప్పుడు కాదు, ఈ ఒక్క ముక్క ప్రతి పిల్లి ఉన్న ఇంటికీ చేరాలని నా కోరిక.

ఎలా గుర్తుపట్టాలి? పొట్ట కుండలా ఉబ్బుతూ వెన్నెముక మాత్రం చేతికి తగులుతూ ఉంటే, అంటే పొట్ట పెరుగుతోంది కానీ పిల్లి చిక్కిపోతోంది, అది తడి రకం, పొట్టలోనో ఛాతీలోనో నీరు చేరుతుంది. ఛాతీలో చేరితే ఆయాసం. పొడి రకంలో నీరు ఉండదు, కంటి రంగు మారడం, కంట్లో మసక, నడక తడబడటం, తల వణకడం, కామెర్లు ఇలా వస్తాయి, అందుకే కనిపెట్టడం కష్టం. రెండిట్లోనూ సాధారణంగా కనపడేది యాంటీబయాటిక్ వాడినా తగ్గని జ్వరం, బరువు తగ్గడం, పిల్ల అయితే తోటి పిల్లల్లా ఎదగకపోవడం. యాంటీబయాటిక్ మార్చి మార్చి వాడుతున్నా జ్వరం అలానే ఉంటే మీరే అడగండి, "ఎఫ్ఐపీ ఏమో చూస్తారా?" అని. అడిగితే ఏమీ అనుకోరు.

ఒక్క టెస్ట్‌తో తేలేది కాదు. రక్తపరీక్షలో ఆల్బుమిన్, గ్లోబ్యులిన్ అనే రెండు ప్రొటీన్లకి మధ్య ఉన్న నిష్పత్తి చూస్తారు, 0.4 కంటే తక్కువ ఉంటే అనుమానం బలపడుతుంది, 0.8 పైన ఉంటే అయ్యే అవకాశం తక్కువ. పొట్టలో నీరు ఉంటే సూదితో కొంచెం తీస్తారు, గడ్డి రంగులో పసుపుగా జిగటగా సాగుతుంది, దాని మీద పీసీఆర్, రివాల్టా టెస్ట్ (పలుచని వెనిగర్ నీళ్ళలో ఆ ద్రవం చుక్క వేసి చూసేది) చేయిస్తారు. రివాల్టా నెగెటివ్ వస్తే ఎఫ్ఐపీ కాదనే నమ్మకం చాలావరకు వస్తుంది, పాజిటివ్ వస్తే మిగతావాటితో కలిపి చూడాలి.

మందు పేరు జీఎస్-441524. కోవిడ్ అప్పుడు విన్న రెమ్డెసివిర్ ఒంట్లోకి వెళ్ళాక మారేది కూడా ఇందులోకే. అమెరికాలో డేవిస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో నీల్స్ పెడర్సన్ బృందం 2019లో ప్రచురించిన దాంట్లో 31 పిల్లులకి ఇస్తే 26 పూర్తి కోర్సు ముగించాయి, వాటిలో అత్యధికం బతికాయి. దాదాపు నూటికి నూరు చచ్చిపోయే జబ్బులో ఇది ఎంత పెద్ద విషయమో ఊహించండి. 2023లో సైప్రస్‌లో కుక్కల కరోనా ముక్క కలిసిన కొత్త రకం వచ్చి వేల పిల్లులు చచ్చిపోతుంటే, అక్కడి ప్రభుత్వం మనుషుల కోసం దాచిన కోవిడ్ మాత్రల్ని ఆగస్టులో పిల్లులకి వాడటానికి అనుమతించింది.

కోర్సు నడుస్తున్నప్పుడు మీరు చేయాల్సినవి: మామూలుగా 84 రోజులు, ప్రతిరోజూ అదే టైముకి. మధ్యలో పిల్లి గెంతుతూ ఆడుతోంది కదా అని ఆపేయొద్దు, మొదటి వారంలోనే చాలా పిల్లులు లేచి తింటాయి, మనం మోసపోయేది అక్కడే. కొన్ని తడి రకం కేసుల్లో 42 రోజులు సరిపోయాయని ఈమధ్య అధ్యయనం వచ్చింది కానీ ఆ నిర్ణయం వెట్‌ది, మనది కాదు. డోసు బరువుని బట్టి ఉంటుంది, కోలుకునే పిల్లి బరువు పెరుగుతుంది, పాత డోసే ఇస్తూ పోతే తక్కువైపోతుంది, కాబట్టి వారం వారం తూచి ఆ అంకె వెట్‌కి పంపండి. కన్ను, మెదడు పట్టిన కేసుల్లో డోసు ఎక్కువ కావాలి. మందు ఎక్కడో తెలియని చోట లేబుల్ లేని సీసాలో కొనకుండా వెట్ ద్వారానే తెప్పించుకోండి. కోర్సు అయ్యాక ఇంకో 84 రోజులు కళ్ళలో వత్తులు వేసుకుని చూడాలి, తిరగబెట్టేది ఎక్కువగా ఆ రోజుల్లోనే.

ఎక్కువ పిల్లులు ఉన్న ఇల్లయితే అసలు వైరస్ తిరగకుండా చూసుకోవడం లిటర్ దగ్గరే ఉంది. పిల్లులెన్నో అన్ని బాక్సులు, అదనంగా ఇంకొకటి. రోజుకి ఒకటి రెండుసార్లు తీసేయండి. తిండి గిన్నెలకి దూరంగా పెట్టండి, లిటర్ ధూళి గిన్నెల్లో పడకూడదు. చిన్న చిన్న గుంపులుగా వేరు గదుల్లో ఉంచగలిగితే ఇంకా మంచిది.

కుక్క ఉన్నవాళ్ళకి

కుక్కపిల్లకి నీళ్ళ విరేచనాలు అయితే పేగుల కరోనా కావచ్చు, మామూలుగా కొద్దిరోజుల్లో తగ్గుతుంది, కానీ ముందు పార్వో (కుక్కపిల్లల ప్రాణాలు తీసే ఇంకో పేగుల వైరస్) కాదని టెస్ట్ చేయించండి. రెండూ కలిస్తే పిల్ల ప్రాణానికే ప్రమాదం. మలంలో రక్తం కనిపించినా, వాంతులు ఆగకపోయినా అదే రోజు వెళ్ళాలి. మెడ వెనక చర్మం పట్టి లాగి వదిలితే వెంటనే వెనక్కి వెళ్ళకపోయినా, చిగుళ్ళు వేలికి అంటుకునేలా ఎండిపోయినా ఒంట్లో నీరు అయిపోతోందని అర్థం. పెద్ద కుక్కల్లో వచ్చేది కొంచెం కడుపు పాడవడమే. ఈ కరోనాకి వ్యాక్సిన్ ఉంది కానీ ప్రపంచ స్థాయి వెట్ నిపుణులు సిఫారసు చేయరు, అది కోవిడ్‌కి అసలే పనిచేయదు, అందుకని "కరోనా వ్యాక్సిన్ వేయించాం కదా" అని ధీమా వద్దు. పార్వో, డిస్టెంపర్ టీకాలు మాత్రం వదలకండి.

పొడి దగ్గు, బాతు కూసినట్టు, చివర్లో ఏదో కక్కబోతున్నట్టు చేస్తే కెన్నెల్ కాఫ్ అనుకోవచ్చు. మెడ పట్టీ తీసేసి హార్నెస్ (ఛాతీ చుట్టూ వేసే పట్టీ) వేయండి, గొంతు మీద ఒత్తిడి పడితే దగ్గు పెరుగుతుంది. దగ్గు పూర్తిగా తగ్గేదాకా వేరే కుక్కల దగ్గరికి, బోర్డింగ్‌కి తీసుకెళ్ళొద్దు. తినడం మానేసినా, శ్వాస లెక్క పెరిగినా వెట్ దగ్గరికి.

మళ్ళీ కలిసేది ఎప్పుడు

కోవిడ్ పాజిటివ్ వచ్చిన పెట్‌ని, మందుల్లేకుండా లక్షణాలు పోయి 72 గంటలు దాటాక, ఆ పైన పాజిటివ్ టెస్ట్ నుంచి 14 రోజులు అయ్యాక, లేదా మళ్ళీ చేసిన టెస్ట్ నెగెటివ్ వచ్చాక వెట్‌ని అడిగి మామూలుగా తిరగనివ్వొచ్చు. మీకే వచ్చి దానికి రాకపోతే మీ ఐసొలేషన్ అయిపోగానే దగ్గరికి తీసుకోండి.

ఎఫ్ఐపీ వచ్చిన పిల్లిని ఇంట్లో మిగతా పిల్లుల నుంచి విడదీయాల్సిన పని సాధారణంగా లేదు, మామూలు కరోనా ఈపాటికే అన్నిటికీ తగిలి ఉంటుంది, మారిన వైరస్ మామూలుగా పిల్లి నుంచి పిల్లికి పాకదు, సైప్రస్ రకం దీనికి మినహాయింపు. ఒకవేళ ఆ పిల్లి దక్కకపోతే, ఇంట్లో ఇంకో పిల్లి లేకపోతే, కొత్తదాన్ని తెచ్చుకోవాలనిపించినా కనీసం రెండు నెలలు ఆగండి, పొడిగా ఉన్న చోట ఈ వైరస్ ఏడు వారాల దాకా బతకగలదు. పాత లిటర్ బాక్స్ పారేయండి, గిన్నెలు, తివాచీలు కడిగేయండి.